ఎమ్మారై ఎప్పుడు, సీటీ ఎప్పుడు, అసలు స్కానే అక్కర్లేనిది ఎప్పుడు

స్కాన్ రాసిన చీటీ చేతికి రాగానే "సీటీ ఎందుకు, దానికన్నా పెద్దది ఎమ్మారై కదా, అదే తీయించేస్తే పోలా" అనే మాట ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఎక్స్‌రే మీద సీటీ, సీటీ మీద ఎమ్మారై, ఎమ్మారైలో మళ్లీ 1.5 టెస్లా మీద 3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) అని మెట్లు కట్టి చూడటం అలవాటైపోయింది. ధరలు కూడా దాదాపు అదే వరుసలో పెరుగుతాయి కాబట్టి ఆ నమ్మకం గట్టిపడింది. కానీ మెదడులో అప్పుడే చిందిన రక్తాన్ని గబగబా పట్టుకోవడానికి సీటీ కావాలి. పిత్తాశయంలో రాళ్లు చూడటానికి వీటన్నిటికన్నా చవకైన అల్ట్రాసౌండే మేలు. రక్తం అందక తుంటి ఎముక తల చచ్చుబడటం మొదలైతే, తొలి దశలో ఎమ్మారైకి సాటి వచ్చేది లేదు. డాక్టరు మనసులో ఉన్న ప్రశ్న ఏమిటో తెలిస్తే ఏ యంత్రం కావాలన్నది చాలావరకు తేలిపోతుంది. ఆ ప్రశ్న ఏమిటో ఎవరికీ తెలియకుండా తీసిన స్కాన్ ఎంత ఖరీదైనదైనా గందరగోళమే మిగులుస్తుంది.

రెండు యంత్రాలూ చూసేది వేర్వేరు

సీటీలో వాడేది ఎక్స్‌రే కిరణాలే. శరీరం చుట్టూ తిరుగుతూ ఎక్కడ ఎంత కిరణం ఆగిపోయిందో లెక్కగట్టి, అడ్డంగా పొరలు పొరలుగా బొమ్మ కడుతుంది. అందుకే ఎముక, రాయి, గాలి, గడ్డకట్టిన తాజా రక్తం అందులో స్పష్టంగా కనిపిస్తాయి. ఎమ్మారై తీరు వేరు. మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలను బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి, రేడియో తరంగాలతో కదిలించి, అవి తిరిగి కుదురుకునేటప్పుడు ఇచ్చే సంకేతాన్ని పట్టుకుంటుంది. ఏ కణజాలంలో ఎంత త్వరగా కుదురుకుంటాయన్న తేడా నుంచే బొమ్మ పుడుతుంది. మెదడులో తెల్ల పదార్థం, బూడిద పదార్థం, వెన్నుపాము, డిస్కు, మోకాలి లిగమెంటు, ప్రోస్టేట్ లోపలి పొరలు ఇంత విడివిడిగా కనిపించడానికి కారణం అదే. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30,000 రెట్లు. సీటీకి బాట వేసిన హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు 1979లో, ఎమ్మారైకి బాట వేసిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో వైద్య నోబెల్ వచ్చింది.

ఎమ్మారై బలం ఎక్కడుందో బలహీనత కూడా అక్కడే ఉంది. గాలితో నిండిన ఊపిరితిత్తుల్లో హైడ్రోజన్ తక్కువ, పైగా అవి కదులుతుంటాయి. కాబట్టి ఊపిరితిత్తులకు సీటీదే పైచేయి. మూత్రపిండంలో రాళ్లు, సన్నటి ఎముక చీలికలు, సున్నం పేరుకున్న మచ్చలు కూడా సీటీలోనే బాగా తెలుస్తాయి. కాలం సంగతి చూస్తే, సీటీ కొన్ని సెకన్లలోనో నిమిషాల్లోనో అయిపోతుంది. ఎమ్మారైకి మామూలుగా 20 నుంచి 45 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఆయాసంతోనో, నొప్పితోనో మెలికలు తిరుగుతున్న మనిషికి ఎమ్మారై తీస్తే వచ్చేది చెదిరిపోయిన బొమ్మ.

సీటీలో రేడియేషన్ ఉంటుంది, ఎమ్మారైలో ఉండదు. ఇది నిజమే, కానీ దీన్ని భూతద్దంలో చూడనక్కర్లేదు. రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు, పొట్ట సీటీకి 8 నుంచి 10 వరకు. ప్రకృతి నుంచి మనకు ఏటా అందే రేడియేషన్ ప్రపంచ సగటు 2.4. అవసరమైన ఒక్క సీటీకి భయపడి ప్రాణం మీదికి తెచ్చుకోవడం తెలివితక్కువ. పిల్లలకు, వయసులో ఉన్నవారికి ఒకే సమస్యకు పదే పదే తీయించాల్సి వస్తే మాత్రం ఎమ్మారైతోనో అల్ట్రాసౌండ్‌తోనో పని జరుగుతుందా అని అడగడం న్యాయం.

పక్షవాతం: ఎమ్మారై కోసం ఆగవద్దు

మూతి వంకర పోయింది, చెయ్యి పడిపోయింది, మాట తడబడింది. అలాంటప్పుడు మొదట తేలాల్సింది ఒక్కటే: రక్తనాళం మూసుకుపోయిందా, చిట్లిందా? మూసుకుపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వాలి, ఎంత ముందైతే అంత మేలు. చిట్లిన మనిషికి అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం పోవచ్చు. ఈ తేడాను కాంట్రాస్టు (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు) లేని మామూలు సీటీ నిమిషాల్లో చెబుతుంది. అందుకే చాలా ఆసుపత్రుల్లో మొదటి పరీక్ష అదే.

ఇక్కడే బంధువులు తికమకపడతారు. "సీటీ నార్మల్ వచ్చింది, ఏమీ లేదన్నారు" అని ఊపిరి పీల్చుకుంటారు. నాళం మూసుకుపోయిన తొలి గంటల్లో సీటీలో మార్పు కనిపించకపోవడం సర్వసాధారణం. లక్షణాలు ఉండి, సీటీలో రక్తం లేదంటే దాని అర్థం రక్తస్రావం కాదని. జబ్బు లేదని కాదు. పైగా ఇంజెక్షన్‌కు దారి తెరుచుకున్నది కూడా అప్పుడే.

ఎమ్మారైలో డిఫ్యూజన్ అనే పద్ధతి ఉంది. దెబ్బతిన్న కణాల్లో నీటి అణువుల కదలిక మందగించడాన్ని అది పట్టుకుంటుంది. నాళం మూసుకున్న కొద్ది నిమిషాల నుంచే ఆ భాగం తెల్లగా వెలుగుతుంది. మరి అందరికీ మొదటే ఇది ఎందుకు తీయరు? యంత్రం ఖాళీగా ఉండాలి, రోగి ఒంట్లో లోహం లేదని తేల్చుకోవాలి, కదలకుండా పడుకోబెట్టాలి. ఈలోగా మెదడు కణాలు చచ్చిపోతూనే ఉంటాయి. ఎమ్మారైకి అసలు అవకాశం వచ్చేది వేరే సందర్భాల్లో. రాత్రి బాగానే పడుకుని తెల్లవారి లేచేసరికి చెయ్యి పడిపోయిన మనిషికి పక్షవాతం ఎప్పుడొచ్చిందో ఎవరికి తెలుసు? డిఫ్యూజన్‌లో మచ్చ కనిపించి, ఫ్లెయిర్ అనే మరో రకం బొమ్మలో ఇంకా కనిపించకపోతే, అది కొద్ది గంటల కిందటిదే అని అంచనా కట్టవచ్చు. అలా ఎంచిన రోగులకు ఇంజెక్షన్ ఇస్తే మేలు జరుగుతుందని 2018లో వెలువడిన ఐరోపా అధ్యయనం చూపింది. పెద్ద నాళం మూసుకుంటే తీగ పంపి గడ్డను లాగేసే చికిత్సను, ఎంచిన రోగులకు 24 గంటల వరకు చేయవచ్చని అదే ఏడాది వచ్చిన మరికొన్ని అధ్యయనాలు తేల్చాయి. ఆ ఎంపికకు మెదడులో ఎక్కడ ఎంత రక్తం అందుతోందో చూపే సీటీ పెర్ఫ్యూజన్ గానీ ఎమ్మారై గానీ వాడతారు. కాసేపు మాట పడిపోయి మళ్లీ వచ్చేసినవారికి, కళ్లు తిరిగి తూలిపోతున్నవారికి వెనుక మెదడులో చిన్న మచ్చ ఉందేమో చూడటానికి కూడా ఎమ్మారై మెరుగు. అయితే మొదటి గంటల్లో ఎమ్మారైకి కూడా ఆ మచ్చ ఒక్కోసారి దొరకదు.

ఇంట్లోవాళ్లు చేయాల్సిందల్లా ఏ స్కాన్ మంచిదని వాదించుకోకుండా, ఇరవైనాలుగు గంటలూ సీటీ ఉండి, ఇంజెక్షన్ ఇవ్వగల ఆసుపత్రికి నేరుగా వెళ్లడం. ముందు బయట స్కాన్ కేంద్రానికి వెళ్లి, రిపోర్టు పట్టుకుని తర్వాత ఆసుపత్రికి వెళ్లడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక.

మూర్ఛకు లెక్క ఇంకోలా ఉంటుంది. మొదటిసారి ఫిట్స్ వచ్చి అత్యవసర విభాగానికి చేరినవారికి సీటీ తీయవచ్చు. అసలు కారణం వెతకడానికి మాత్రం ఎమ్మారైయే కావాలి. మన దేశంలో ఫిట్స్‌కు తరచుగా కనిపించే కారణాలు రెండు: మెదడులో బద్దెపురుగు తిత్తులు, క్షయ గడ్డలు. తిత్తిలో పురుగు తల కనిపిస్తే నిర్ధారణ ఖాయం. అది ఎమ్మారైలో బాగా తెలుస్తుంది. సున్నం పట్టి ఎండిపోయిన పాత తిత్తి సీటీలో మెరుస్తుంది. ఒక్కోసారి రెండూ అవసరం కావడం వ్యాపారం కోసం కాదు, ఇందుకు. మందులకు లొంగని మూర్ఛ అయితే మూర్ఛ కోసమే ప్రత్యేకంగా సన్నటి పొరలతో తీసే ఎమ్మారై అడగాలి, వీలైతే 3 టెస్లాలో. జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోక్యాంపస్ ఒక పక్క కుంచించుకుపోయిందని దొరికితే ఆపరేషన్‌తో చాలామందికి ఫిట్స్ ఆగుతాయి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో 1995 నుంచి ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి.

నడుం నొప్పి: తొందరపడితే వచ్చే నష్టం

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే అని నా అభిప్రాయం. నొప్పే లేని మనుషులకు స్కాన్లు తీసి చూసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. ఇరవై ఏళ్లవారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. డిస్కు ఉబ్బు ఇరవై ఏళ్లకే 30 శాతం మందిలో ఉంది. వీరెవరికీ నడుం నొప్పి లేదు. అంటే నలభై ఐదేళ్ల మనిషికి మూడు వారాల నొప్పికి ఎమ్మారై తీస్తే ఏదో ఒకటి కనిపించి తీరుతుంది. "ఎల్4, ఎల్5 దగ్గర డిస్కు బల్జ్" అన్న మాట రిపోర్టులో చదివిన రోజు నుంచి బిందె ఎత్తడానికీ బండెక్కడానికీ భయం పట్టుకుంటుంది. కండరాలు మరింత బలహీనపడతాయి. నొప్పి కన్నా ఆ మాటే ఎక్కువ హాని చేస్తుంది.

మామూలు నడుం నొప్పికి ఆరు వారాల పాటు మందులు, కదలిక, వ్యాయామం చూసి, తగ్గకపోతే అప్పుడు స్కాన్ గురించి ఆలోచించడం సరైన పద్ధతి. కానీ కొన్నిటికి ఒక్క రోజు కూడా ఆగకూడదు. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, కాళ్లలో బలం తగ్గిపోతుండటం అంటే నరాలు నలిగిపోతున్నాయని. అప్పుడు ఎమ్మారై అత్యవసరం. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు నిద్రలేపే నొప్పి, గతంలో క్యాన్సర్ ఉండటం, పెద్దవారు జారిపడటం కూడా అలక్ష్యం చేయకూడనివి. ముఖ్యంగా మన దగ్గర వెన్నుపూస క్షయ తక్కువేమీ కాదు. ఎక్స్‌రేలో ఎముక కరిగినట్టు కనిపించేసరికి జబ్బు చాలా దూరం పోయి ఉంటుంది. ఎమ్మారైలో ఎముక మజ్జలో వాపు, పక్కన చీము, వెన్నుపాము మీద ఒత్తిడి అంతకు ముందే దొరుకుతాయి. ఆపరేషన్ అయిన నడుముకు మళ్లీ నొప్పి వస్తే, అది కొత్త డిస్కా, పాత గాయం మచ్చా అని విడదీయడానికి కాంట్రాస్టు మందుతో తీయించమంటారు.

కీళ్లు, పొట్ట, కటి

అరవై దాటినవారి మోకాలి అరుగుదలకు నిలబెట్టి తీసిన ఎక్స్‌రే చాలు. ఆటలో కాలు మెలిపడి మోకాలు జారిపోతున్నట్టు అనిపించే కుర్రవాడికి లిగమెంటు, నెలవంక మెత్తలు చూడాలంటే ఎమ్మారై. భుజం కండరం చిరుగుకు చేయి తిరిగిన డాక్టరు చేసే అల్ట్రాసౌండ్ దాదాపు దానికి సమానం. స్టెరాయిడ్లు వాడినవారికి, మద్యం ఎక్కువగా తాగేవారికి, సికిల్‌సెల్ ఉన్నవారికి గజ్జలో నొప్పి మొదలైతే ఎక్స్‌రే నార్మల్ అని ఊరుకోకూడదు. తుంటి ఎముక తల కుంగిపోకముందే ఎమ్మారైలో దొరికితే కీలు మార్చే అవసరాన్ని వాయిదా వేసే దారులు ఉంటాయి.

పొట్ట విషయంలో మొదటి మెట్టు దాదాపు ఎప్పుడూ అల్ట్రాసౌండే. మూత్రపిండపు రాయి అనుమానానికి కాంట్రాస్టు లేని సీటీ. కామెర్లు వచ్చి పిత్తనాళంలో రాయి ఉందేమోనంటే ఎంఆర్‌సీపీ అనే ఎమ్మారై. దీన్ని ఈఆర్‌సీపీతో కలిపి గందరగోళపడతారు. ఎంఆర్‌సీపీ బొమ్మ మాత్రమే, గొట్టం వేయరు. ఈఆర్‌సీపీలో గొట్టం వేసి రాయిని తీస్తారు, దానికి క్లోమం వాచే ప్రమాదం కొంత ఉంటుంది. రాయి ఉందో లేదో తెలియనప్పుడు మొదటిది, ఉందని తేలాక రెండోది. మలద్వారం పక్కన చీము దారి పడి మళ్లీ మళ్లీ తిరగబెట్టే ఫిస్టులాకు ఆపరేషన్ ముందు ఎమ్మారై తీస్తే దారులు ఎటెటు చీలాయో తెలుస్తుంది. తెలియకుండా కోస్తే ఒక దారి మిగిలిపోయి మళ్లీ మొదటికొస్తుంది. పురీషనాళ క్యాన్సర్‌లో ముందు ఆపరేషనా, ముందు రేడియేషనా అన్నది నిర్ణయించడంలో కూడా ఎమ్మారైదే కీలకమైన మాట.

ప్రోస్టేట్‌లో గత కొన్నేళ్లలో పద్ధతే మారింది. పూర్వం రక్తంలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ నుంచి వచ్చే ప్రొటీన్) పెరిగితే నేరుగా సూది పెట్టి పది పన్నెండు చోట్ల ముక్కలు తీసేవారు, అంటే బయాప్సీ చేసేవారు. 2018లో వచ్చిన ప్రెసిషన్ అధ్యయనంలో ముందు ఎమ్మారై తీసి, అనుమానం ఉన్నచోటే సూది పెట్టారు. ఎమ్మారై తీసినవారిలో 28 శాతం మందికి సూదే అవసరం పడలేదు. చికిత్స కావాల్సిన క్యాన్సర్లు పాత పద్ధతిలో 26 శాతం మందిలో దొరికితే, ఈ పద్ధతిలో 38 శాతం మందిలో దొరికాయి. కాబట్టి పీఎస్‌ఏ పెరిగిన మగవారు అడగాల్సిన వరుస ఇది: ముందు ఎమ్మారై, తర్వాత అవసరమైతే బయాప్సీ. బయాప్సీ అయ్యాక తీస్తే లోపల కారిన రక్తం బొమ్మను పాడుచేస్తుంది.

గర్భిణికి అల్ట్రాసౌండ్ చాలకపోతే సీటీ కన్నా ఎమ్మారై మేలు, ఎమ్మారైలో కాంట్రాస్టుగా వాడే గాడోలినియం మందు మాత్రం ఇవ్వరు. తరచూ రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల గుండెలో ఇనుము ఎంత పేరుకుందో టీ2 స్టార్ అనే కొలతతో తెలుస్తుంది. అది 20 మిల్లీసెకన్ల కన్నా తగ్గితే ఇనుము చేరినట్టు, 10 కన్నా తగ్గితే ప్రమాదం దగ్గరైనట్టు. ఒంట్లో ఇనుము నిల్వను సూచించే ఫెరిటిన్ ఒక్కటీ రక్తంలో చూస్తే గుండె సంగతి తెలియదు, అందుకే ఈ స్కాన్‌కు మరో పరీక్ష ప్రత్యామ్నాయం కాదు.

చికిత్సలో కూడా ఎమ్మారై చేయి ఉంది. మెదడు కణితికి రేడియేషన్ ఇచ్చేముందు సీటీ మీద ఎమ్మారై బొమ్మను పరిచి హద్దులు గీస్తారు. ఎమ్మారైనే లోపల పెట్టుకున్న రేడియేషన్ యంత్రాలు కూడా వచ్చాయి. చేతుల వణుకుకు పుర్రె తెరవకుండా, ఎమ్మారైలో చూస్తూ ధ్వని తరంగాలను ఒకచోట కేంద్రీకరించి చేసే చికిత్సకు అమెరికాలో 2016లో అనుమతి దొరికింది.

1.5 టెస్లానా, 3 టెస్లానా, తెరిచి ఉన్నదా

3 టెస్లాలో సంకేతం ఎక్కువ. సన్నటి వివరాలు కావాల్సిన చోట, అంటే మూర్ఛ, ప్రోస్టేట్, మణికట్టు, చిన్న నరాల దగ్గర ఆ తేడా పనికొస్తుంది. కానీ ఒంట్లో రాడ్లు, స్క్రూలు ఉంటే వాటి చుట్టూ బొమ్మ 3 టెస్లాలో మరింత చెడుతుంది. పొట్టలో నీరు చేరినవారికి, గర్భంలోని బిడ్డకు, చాలా రకాల పరికరాలు అమర్చినవారికి 1.5 నయం. నడుము, మోకాలు లాంటి రోజువారీ ప్రశ్నలకు 1.5 పుష్కలం. నన్నడిగితే, పాతబడిన 3 టెస్లా కన్నా మంచి కాయిల్స్ (సంకేతాన్ని పట్టుకునే భాగాలు) ఉన్న 1.5, దాని కన్నా ఆ భాగంలో అనుభవమున్న రేడియాలజిస్టు ఎక్కువ విలువ.

పక్కలు తెరిచి ఉండే యంత్రాల్లో చాలావరకు తక్కువ శక్తివి, 0.2 నుంచి 0.4 టెస్లా మధ్యవి. చిన్న పట్టణాల్లో చవకగా దొరికేవి తరచుగా ఇవే. ఇరుకంటే గుండె దడ వచ్చేవారికి, భారీకాయులకు ఇవి పనికొస్తాయి. మెదడులో చిన్న మచ్చలకో, ప్రోస్టేట్‌కో వీటిని నమ్ముకోవద్దు. భయమే అసలు సమస్య అయితే 60 సెంటీమీటర్ల సొరంగం బదులు 70 సెంటీమీటర్లది ఎక్కడుందో అడగండి. మోకాలికైతే కాళ్లవైపు నుంచి లోపలికి పంపుతారు, తల బయటే ఉంటుంది.

కాంట్రాస్టు మందు విషయంలో అందరికీ అవసరం లేదు. కణితి, ఇన్ఫెక్షన్, నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటివాటికి కావాలి. మామూలు డిస్కుకు, లిగమెంటుకు అక్కర్లేదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో, వడపోత రేటు 30 కన్నా తగ్గినప్పుడు, పాత రకం గాడోలినియం మందులకు చర్మం, అవయవాలు బిగుసుకుపోయే అరుదైన జబ్బుతో సంబంధం ఉందని 2006లో బయటపడింది. ఇప్పుడు ఎక్కువగా వాడే వలయాకార రకాలతో ఆ ప్రమాదం చాలా తక్కువ. షుగరు, బీపీ, డయాలసిస్ ఉంటే మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.

లోపలికి వెళ్లేముందు

యంత్రంలో మనిషి లేకపోయినా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో ఆక్సిజన్ సిలిండరుతో గదిలోకి వెళ్లిన యువకుడు యంత్రానికి అతుక్కుపోయి చనిపోయాడు. రోగి వెంట వెళ్లేవారికి కూడా అవే నియమాలు. పేస్‌మేకర్, చెవి ఇంప్లాంటు, మెదడు రక్తనాళానికి వేసిన పాత క్లిప్పు ఉంటే ఆపరేషన్ నాటి కార్డు చూపించాలి. ఎమ్మారైకి వీలైన పేస్‌మేకర్లు ఇప్పుడున్నాయి, కాబట్టి "పేస్‌మేకర్ ఉంది, ఇక కుదరదు" అని ముందే నిరాశపడనక్కర్లేదు. గుండె స్టెంటు, మోకాలి మార్పిడి మామూలుగా అడ్డు కావు. వెల్డింగ్, లేతు పని చేసినవారు కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా అన్నది తప్పక చెప్పాలి. ఆడవాళ్లు మంగళసూత్రానికి గుచ్చుకునే పిన్నీసులు, నల్లపూసల తీగ, మొలతాడుకు కట్టిన తాయెత్తు చాలామందికి గుర్తుకే రావు. బంగారం అయస్కాంతానికి అంటదు గానీ పిన్నీసు అంటుతుంది. వేలి నుంచి ఊడి రాని మెట్టెలుంటే ముందే టెక్నీషియన్‌కు చూపించండి.

ధరలో ఒకే ఊళ్లో కేంద్రానికీ కేంద్రానికీ చాలా తేడా ఉంటుంది. ఫోనులో అడిగేటప్పుడు మూడు విషయాలు కలిపి అడగండి: యంత్రం ఎన్ని టెస్లాలు, కాంట్రాస్టు ఖర్చు అందులో ఉందా, రిపోర్టు ఎవరు రాస్తారు. చీటీ మీద "ఎమ్మారై బ్రెయిన్" అని రెండు ముక్కలే ఉంటే, ఏం వెతుకుతున్నారో ఒక వాక్యం రాయించుకోండి. ఏ రకం బొమ్మలు తీయాలన్నది ఆ వాక్యాన్ని బట్టే ఉంటుంది. ఫిలిములతో పాటు సీడీ అడిగి తీసుకోండి, పాతవి ఉంటే వెంట పట్టుకెళ్లండి. ఆర్నెల్ల కిందటి మచ్చ అలాగే ఉందా, పెరిగిందా అన్నది ఒక్క స్కాన్ చూసి ఎంతటి రేడియాలజిస్టూ చెప్పలేడు.